చెత్తబుట్టలో గద్ద చీటీలు

అక్టోబరు 2, సోమవారం
బొగ్గు గనిలో పదకొండేళ్లు చేశాను, ఈ బడిలో నేల తుడవబట్టి ముప్ఫై ఏళ్లు. స్టాఫ్ మీటింగులో నాకు కుర్చీ వేయడం ఇవాళే. ప్రిన్సిపల్ మిస్ టీగ్ కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లలు తప్పు చేసినప్పుడు కాదట, ఒప్పు చేసినప్పుడు పట్టుకోవాలట. పట్టుకుని, మా బడి గుర్తయిన గద్ద బొమ్మ ఉన్న చీటీ చేతిలో పెట్టాలట. పది చీటీలకు ఒక పెన్సిలు.

ఛీ. బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చినందుకు బహుమానమా?

మూడు వారాలు ట్రయల్. ఆ తర్వాత ఓటు. ముప్ఫై అయిదు మందిలో ఇరవై ఎనిమిది మంది సరేనంటేనే పద్ధతి నిలుస్తుంది. వంట చేసే వెర్నాకూ నాకూ ఓటుందట.

అక్టోబరు 3
బాత్రూముల్లో రూల్సు అంటించారు. "ఇక్కడ గౌరవంగా ఉందాం." రాసినవాళ్లలో ఒక్కరూ అక్కడ మాప్ పట్టి ఎరగరు. పిల్లలు కాగితం తడిపి ముద్ద చేసి పైకప్పుకి కొడతారు. నిచ్చెనెక్కి గీకేది నేను. దాని గురించి ఒక్క ముక్క లేదు.

అక్టోబరు 5
రెండో తరగతి టాన్సీ మళ్లీ ఆఫీసు బయట బెంచీ మీద. ఈ ఏడు ఇది తొమ్మిదోసారి. క్లాసులోంచి గెంటితే కూర్చునేది అక్కడే, నా చీపుర్ల గది పక్కన. ఇంకో రెండుసార్లయితే నలభై మైళ్ల అవతలి బడికి పంపేస్తారని మిస్ టీగ్ చెప్పింది. ఓటు నెగ్గితే గెంటడం ఆగుతుంది, పిల్ల ఇక్కడే ఉంటుంది అంది. లంచం ఇచ్చి కూర్చోబెడతారా అన్నాను. మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవరినైనా మెచ్చుకున్నారా మిస్టర్ డెల్బర్ట్ అని అడిగింది. నేల మెరిస్తే అదే మెప్పు అన్నాను.

అక్టోబరు 11, సాయంత్రం 4
అయిదో తరగతి టీచరు స్ట్రౌడ్ గది చెత్తబుట్టలో చీటీల కట్ట దొరికింది. రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు. ఆఫీసు గోడ మీద చార్టులో మాత్రం వారం చీటీలన్నీ పంచేసినట్టు టిక్కు. ఇంకో నాలుగు గదుల్లోనూ ఇదే కథ. పిల్లలకు నీతులు చెప్పే నోళ్లు!

మధ్యాహ్నం స్టాఫ్ రూములో వాడే అన్నాడు, కుక్కలకి బిస్కెట్లేసినట్టు పిల్లల్ని ఆడించమంటుంది ఈవిడ అని. అందరూ పకపకా నవ్వారు. నిన్న వెర్నాతో నేనన్నది అచ్చంగా ఆ మాటే. గడ్డం మీద గ్రేవీ కారుతున్న ఆ నోటి నుంచి వింటే ఆ మాట నాదని చెప్పుకోబుద్ధి కాలేదు.

అక్టోబరు 12
బుట్టల్లోంచి ఏరినవి నూట అరవై. కాఫీ మరకలు తుడిచి ఆరబెట్టాను.

అక్టోబరు 16
సిగ్గుపడతారని పొద్దున్నే వచ్చి ఒక్కో టీచరు బల్ల మీద ఒక్కో చీటీ పెట్టాను. స్ట్రౌడ్‌కి: "నేను ఊడ్చేందుకు వీలుగా నీ గదిలో ఒక్క కుర్చీ బల్ల మీదికెక్కింది. శభాష్." సంగీతం టీచరు ప్రూయిట్‌కి: "శుక్రవారం నీ కప్పు నువ్వే కడిగావు. ఏం పుట్టింది?" కింద నా పేరు కూడా పెట్టాను. నాకేం భయం.

అక్టోబరు 17
స్ట్రౌడ్ వచ్చాడు. కొట్లాటకే వచ్చాడనుకుని మాప్ గోడకి ఆనించాను. ఆ చీటీలు మీకెక్కడివి అన్నాడు. నీ బుట్టనడుగు అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. వచ్చిన దారినే పోయాడు.

సాయంత్రం వాడి గదికి వెళ్తే ఇరవై నాలుగు కుర్చీలూ బల్లల మీదున్నాయి. నేనిచ్చిన చీటీ బీరువా తలుపుకి అంటించుకున్నాడు. యాభై మూడేళ్ల మనిషి! ప్రూయిట్ అయితే వరండాలో నన్ను ఆపి, మైక్రోవేవ్ కూడా నేనే తుడిచాను, దానికేది చీటీ అంటుంది.

వీళ్లకి నేనేం చెప్పేది.

అక్టోబరు 20, శుక్రవారం
ఓటు. సరే అన్నవి ఇరవై ఏడు. వద్దన్నవి ఏడు. ఒక ఓటు చీటీ తక్కువైంది. నాది జేబులోనే ఉంది.

అందరూ నా వైపే చూశారు. స్ట్రౌడ్ నవ్వుతూ లేచి, ఈయనతో బుట్టలు మాట్లాడతాయి కానీ ఈయన మనతో మాట్లాడడు అన్నాడు. తర్వాత నవ్వాపి, చార్టులో నేను వేసిన టిక్కులు అబద్ధం అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

బాత్రూము రూలు నేను రాస్తాను, అప్పుడు ఓటు అన్నాను. మిస్ టీగ్ పెన్నిచ్చింది. "తడి కాగితం పైకి విసరొద్దు" అని రాశాను. ఈ పద్ధతిలో వద్దు అనే మాట కుదరదట. ఏం చేయాలో అదే రాయాలట. ముప్ఫై ఏళ్లుగా నేను అరిచిందంతా వద్దు, వద్దు. చాలాసేపు పట్టింది. చెమట పోసింది. చివరికి రాశాను: "తడి కాగితం బుట్టలో వెయ్యి."

సరే అనే గడిలో టిక్కు పెట్టి ఇచ్చేశాను. వెర్నా ఈల వేసింది. ఏమంత ఘనకార్యం?

అక్టోబరు 23
బెంచీ ఖాళీ.

మాప్ కర్రకి గద్ద చీటీ అంటించి ఉంది. అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలు, కింద టాన్సీ పేరు: "నేల మెరుస్తోంది."

ఛీ. తడికి ఊడిపోతుందని పైన ఇంకో వరస టేపు చుట్టాను.