లివర్ వరకే అన్న మాట

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నీ అల్లుడు, నేను, సాయానికి వచ్చిన అక్క బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు కులాసా అని తలుస్తాను. 'బాగానే' అన్న మాట మొదటే కనపడకపోతే నువ్వు మిగతాది చదవవు. అందుకని రాశాను.

చెవి మిషన్ మళ్లీ పాడైందన్నావు. అందుకే ఫోన్ చేయలేదు. ఇది ఫోన్లో అరిచి చెప్పే సంగతి కాదు. తిండి సయిస్తోందా అని అడిగావు. మందు ఎక్కించిన ప్రతి వారమూ ఏది తిన్నా ఇనుప ముక్క నాకినట్టు ఉండేది, ఇప్పుడు కాస్త నయం. పనికి వెళ్తున్నావా అని అడిగావు. వెళ్లడం లేదు. హోటల్ లాండ్రీలో నా ఇస్త్రీ మిషన్ మీద ఇంకొకామెను పెట్టారు. దుప్పటి అంచులు కలవకుండానే మడత పెట్టేస్తోందట. విన్నప్పటి నుంచి నాకు చేతులు ఊరుకోవడం లేదు.

అక్క సాయంగా ఉందా అని కదా ఆ తర్వాతి ప్రశ్న. ఉంది. వంట, బట్టలు, మందులు అన్నీ తనే చూస్తోంది. కానీ వచ్చిన రోజున పెట్టె దించకముందే ఏడుపు మొదలుపెట్టింది. "నాలుగో స్టేజి అంటే ఇంకేం మిగిలిందే!" అని. మా లాండ్రీలో చిరుగులు కుట్టే ఆవిడ నిరుడు పోయిందని నీకు రాశాను గుర్తుందా? ఆవిడదీ పేగు క్యాన్సరే, ఆవిడదీ నాలుగో స్టేజే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అక్కకు నేను కనపడడం మానేశాను, ఆవిడే కనపడుతోంది. నా ముందే నీ అల్లుడితో గొంతు తగ్గించి మాట్లాడడం, నేను నవ్వితే కళ్లు తుడుచుకోవడం. బతికున్న మనిషిని పట్టుకుని ఇదేం చోద్యమమ్మా?

ఒళ్లు మండి ఒక రోజు కూర్చోబెట్టి చెప్పాను. డాక్టరమ్మ నాకు చెప్పిన మాటలే.

"నాలుగో స్టేజి అంటే పేగు దాటి వేరే చోటికి పాకిందని, అంతేనక్కా. ఎక్కడికి పాకింది, ఎన్ని చోట్లకి పాకింది, దాన్నిబట్టే ఎన్నాళ్లన్నది. కుట్టే ఆవిడకి కడుపు లోపలి పొర నిండా చల్లినట్టు పడింది. అలా పడితే తీయడం చాలా కష్టం. నాది లివర్ వరకే, అదీ ఒక పక్కనే. మందుకి తగ్గింది కూడా. ఆ పక్క కోసేస్తే మిగిలిన లివర్ మళ్లీ పెరుగుతుంది. అలా కోయించుకుని ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లున్నారు. కొందరికి ఊపిరితిత్తుల్లో మాత్రమే ఉంటుంది, వాళ్లలోనూ చాలా కాలం నెట్టుకొచ్చేవాళ్లున్నారు."

"మరి అందరిదీ ఒకటే స్టేజి అంటారేంటే?"

"ఒక బస్సెక్కినవాళ్లంతా ఒకే స్టాపులో దిగుతారా?"

బస్సు నడిపే నీ అల్లుడు పక్కనుంచి పకపకా నవ్వారు. అక్క నవ్వలేదు గానీ ఆ రోజు నుంచి మారింది. పక్కింటివాళ్లు జాలి పడుతూ వస్తే గుమ్మంలోనే ఆపి సర్దిచెప్పి పంపించేది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దీని చుట్టూనే తిరుగుతున్నాను. ఆపరేషన్ వచ్చే నెల అని నీకు రాశాను కదా. అది నిజం కాదు. నువ్వు కంగారు పడతావని అలా రాశాను. పోయిన సోమవారమే నన్ను లోపలికి తీసుకెళ్లారు.

తెలివి రాగానే కడుపు తడుముకున్నాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్టు ఉంటుందని ముందే చెప్పారు. చేతికి చిన్న చిన్న పట్టీలు తగిలాయంతే. డాక్టరమ్మ రాకముందే నాకు అర్థమైపోయింది.

"కోయలేదా?" అని అడిగాను.

"లేదమ్మా. ముందు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూశాం. కడుపు పొర మీద కూడా ఉంది, అక్కడక్కడా, గింజల్లాగా."

"స్కానింగులో ఏమీ లేదన్నారుగా!"

"అంత చిన్నవి ఒక్కోసారి స్కానింగుకు దొరకవు."

"పోనీ, లివర్ అయినా కోసెయ్యండి. సగం పని అయినా అవుతుంది."

"ఇప్పుడది కోస్తే మీకు నొప్పే మిగులుతుంది. మీరు కోలుకునేలోగా ఇవి పెరుగుతాయి. వేరే మందు మొదలుపెడదాం. అది పని చేస్తే మంచి రోజులే ఉంటాయి. కానీ ముందు నేను చెప్పిన ఏళ్లు ఇప్పుడు చెప్పలేను."

మంచి మనిషి, మంచిగానే చెప్పింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నెలల తరబడి మందు ఎక్కించుకుని, వాంతులు చేసుకుని, లివర్లో తగ్గిందని మురిసిపోతుంటే, అవి అటుపక్క చప్పుడు చేయకుండా పాకుతున్నాయి! ఎవర్ని తిట్టాలి? తిట్టడానికైనా ఒక మనిషి ఉండాలి కదమ్మా.

అంతలో అక్క వేణ్నీళ్ల ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. "అయిపోయిందా?" అంది. మంచం పక్కనే ఉన్న నీ అల్లుడు నా మొహం చూశారు. "అయిపోయింది" అన్నాను. అక్క మొహంలో వెలుగు చూశాక నిజం చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక పట్టీలు మారుస్తూ, "ఇంత చిన్న కోతలతో తీసేశారా! ఈ కాలం డాక్టర్లు ఎంత నేర్పరులే!" అని మురిసిపోయింది.

ఇప్పుడు, ఈ ఉత్తరం రాస్తుండగానే, బయట పక్కింటావిడకు చెబుతోంది. "స్టేజి ఒకటే చూడకూడదండీ, ఎక్కడికి పాకిందో చూడాలి. మా చెల్లిది లివర్ వరకే. తీసేశారు కూడా." నా మాటలే, పొల్లు పోకుండా. ఏమీ తెలియకుండా ఏడ్చిన రోజుల్లో కసురుకుని నోరు మూయించాను. తెలుసుకుని ధైర్యం తెచ్చుకున్నాక ఆ ధైర్యం నేనే లాగేసుకోవాలి. ఇంతకన్నా చిరాకు ఉంటుందా?

ఈ ఆదివారం కాక పై ఆదివారం అక్కకు చెప్పేస్తాను. కొత్త మందు సంగతి, అది పని చేయకపోతే సంగతి, అన్నీ చెబుతాను. దాచిపెట్టి ఆ మురిపెం చూడలేకపోతున్నాను.

చివరగా నువ్వు అడిగింది. "నేను రానా?" అని. ప్రయాణం పడదు, నడుం పట్టేస్తుంది, ఇక్కడ మెట్లెక్కాలి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా రా. ఆ ఆదివారం లోపలే రా. తమ్ముడు వద్దంటే నేనే రమ్మన్నానని చెప్పు. అక్కకు ధైర్యం చెప్పడానికి కాదు. నేను ఇంతవరకు ఒక్కసారి కూడా ఏడవలేదమ్మా. నువ్వొస్తే ఏడుస్తాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
నీ చిన్నది