ఐగుప్తు రిజిస్టరులో మీ పేరు

నాన్నగారికి వందనాలు. మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. నేను మస్కట్‌లోనే, అదే ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. ఈ నెల పగలు డ్యూటీ.

మిమ్మల్ని సమాధుల తోట గోడ బయట పెట్టారని అమ్మ ఉత్తరం రాస్తేనే నాకు తెలిసింది. సంఘం రిజిస్టరులో మీ బాప్తిస్మం లేదు కాబట్టి లోపల వీల్లేదని పాస్టరుగారు అన్నారట. "యుద్ధంలో ఉండగా ఐగుప్తులో తీసుకున్నానమ్మా, అలెగ్జాండ్రియా గుడిలో" అని మీరు ఎన్నిసార్లు చెప్పారో... మావయ్యలు మాత్రం అది అమ్మని చేసుకోవడానికి అల్లిన కథ అనేవారు.

నిజం చెప్పనా? నాకూ అనుమానం ఉండేది.

మా ల్యాబ్‌లో మరియం అని ఒకావిడ పనిచేస్తుంది. అలెగ్జాండ్రియా మనిషి, క్రైస్తవురాలు. వేసవిలో సెలవు మీద వెళ్తుంటే మీ పేరు, ఊరు రాసి ఇచ్చాను. "చూస్తాలే సిస్టర్, దొరక్కపోతే ఏడవకు" అంది. మూడు రోజులు ఆ గుడి చుట్టూ తిరిగిందట.

నాలుగో పుస్తకంలో మీరున్నారు.

సత్తెయ్య అనే మీ పేరు 'సట్టియా' అయింది. పక్కన కొత్త పేరు, పౌలు. మన ఊరి పేరు మాత్రం తప్పు లేకుండా ఉంది... దగ్గరుండి రాయించారా? ఆ పక్క గడిలో మీ పని: వంటవాడు.

పటాలంలో కాంపౌండరుగా చేశానన్నారు కదా? ఊరంతా మిమ్మల్ని కాంపౌండరుగారనే కదా పిలిచింది? ఆ కబుర్లు వినే కదా నేను నర్సింగులో చేరాను...

మరియం తెచ్చిన నకలు వారం రోజులు పెట్టెలోనే ఉంచాను. పంపితే మీ మాట నిజమవుతుంది, ఇంకో మాట అబద్ధమవుతుంది. మీరైతే ఏం చేయమనేవారు?

చివరికి అమ్మకే రాశాను. జవాబు వచ్చింది. "పెళ్ళైన వారానికే నాకు తెలుసే. నాకు జ్వరమొస్తే ఆయనే పొయ్యి ముందు కూచున్నారు. ఉల్లిపాయ తరిగే తీరు చూస్తే తెలవదా? ఆయనే చెప్తారులే అని ఊరుకున్నాను. కాగితం పంపు."

పంపాను.

పాస్టరుగారు దాన్ని ఆదివారం అందరి ముందూ చదివి, తప్పయిందన్నారట. మిమ్మల్ని లోపలికి మారుద్దామన్నారట. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన్ని కదపొద్దు. పేరు పుస్తకంలో ఎక్కించండి. రేపు నన్నూ ఆ పక్కనే పెట్టండి" అందట. ఎక్కించారు.

డిసెంబరులో సెలవు ఇస్తామన్నారు. వచ్చి సమాధి మీద మీ పేర్లు రెండూ చెక్కిస్తాను.

నాకు మీ మీద కోపం లేదు. కానీ నాన్నగారూ, నేను పుట్టాక మీరు ఒక్కరోజు కూడా వండలేదు. మీ చేతి కూర ఎలా ఉంటుందో అమ్మకు తెలుసు, ఐగుప్తులో ఎవరెవరికో తెలుసు. నాకు తెలియదు.

మీ అమ్మాయి,
మార్త