జుట్టోడి పాత సంచికలు

2003 జూలై 6, జగ్గయ్యపేట
అక్కను నందిగామ ఆస్పత్రిలో చేర్పించి వచ్చాను. జిన్నింగు మిల్లులో ఏళ్ళ తరబడి పీల్చిన దూది... ఊపిరి తీస్తే ఈల. డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. "ఊపిరితిత్తులు రెండూ పోయాయమ్మా. ఎంతో కాలం కాదు."
అక్కకు మాత్రం తగ్గుతుందన్నాడని చెప్పాను.

జూలై 8
అక్క అడిగింది ఒక్కటే. "జుట్టోడి పుస్తకాలు తేవే. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి."
గుహ మనుషుల బొమ్మల కథ. చిన్నప్పుడు పొట్లాలు అంటించమని కొట్టువాళ్ళిచ్చిన పాత కాగితాల్లోంచి మొదటి నాలుగు సంచికలు అక్క దాచేసింది. తనకు చదువు రాదు. బొమ్మలు చూసి నాకు కథ చెప్పేది. జుట్టోడు, బొచ్చేనుగు — పేర్లన్నీ తను పెట్టినవే. నన్ను బడికి పంపి తను మిల్లుకు పోయింది. నాకు అక్షరాలు కుదిరేలోగా అక్కకు పెళ్ళి... పుస్తకాలు తనతోనే వెళ్ళాయి.

జూలై 9
పెనుగంచిప్రోలు వెళ్ళాను. అక్క అత్తగారు పుస్తకాలతోపాటు చీరలన్నీ సంచిలో కుక్కి గుమ్మంలోనే ఇచ్చింది.
"ఇవన్నీ ఎందుకండీ?"
"ఉండనీ అమ్మాయ్, ఇక్కడెవరు కడతారు?"
బావ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. మనిషి బయటికి రాలేదు.
చీరలు మా ఇంట్లో పెట్టేశాను. అక్కకు చెప్పను.

జూలై 10
నందిగామ బస్సులో చదివాను. అక్షరాలతో సహా, మొదటిసారి. సిరా అలుక్కుపోయింది. జుట్టోడి ముఖం పేజీకొక రకంగా ఉంది — వేసినవాడికి ఇంకా చెయ్యి కుదిరినట్టు లేదు.
మూడో సంచిక. జబ్బుపడ్డ ఆడమనిషి గుహలో, మంట పక్కన. గుంపంతా కదిలిపోతోంది. వేటకెళ్ళారు, మాంసం తెచ్చిపెడతారు అని అక్క చెప్పేది. నాలుగో సంచికలో ఇంకో ఆడమనిషిని చూపించి, "ఇదిగో, బాగైపోయింది" అనేది.
అచ్చులో ఉన్నది ఇంతే: "నడవలేని దానికోసం గుంపు ఆగదు."

జూలై 11
పక్క మంచం పెద్దావిడ సణిగింది. "గోచీలోళ్ళ బొమ్మలు చూస్తన్నారు ఇద్దరూ, సిగ్గు లేకపోతే సరి."
"నువ్వూ రా పిన్నీ, చూద్దువుగాని" అంది అక్క. నవ్వబోయి చాలాసేపు దగ్గింది. తర్వాత మూడో సంచిక నా ఒళ్ళో పెట్టింది.
"చదువు. నేను చెప్పింది కాదు, రాసింది."
చదివాను... "నువ్వు మంట దగ్గరే ఉండు. మేం మాంసం తెస్తాం. నీకు బాగయ్యాకే అందరం కలిసి బయల్దేరదాం."
అక్క ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. చిన్న గడి. వేలి కింద సగం దాగిపోయింది.
"ఇంత గడిలో అంత మాట పట్టిందటే?"
పుస్తకం మూయబోయాను.
"డాక్టరు మాట కూడా ఇట్టాగే చదివావా నాకు?"
ఇంతలో నర్సమ్మ వచ్చి, టైమైందని అందర్నీ బయటికి పంపేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గేసింది.

జూలై 12
ఆస్పత్రి ఎదురు టీకొట్టు బల్ల మీద రాస్తున్నాను. గేటు తీశారు. క్యారియర్లు పట్టుకుని జనం లోపలికి వెళ్తున్నారు. నేనింకా లేవలేదు.
ఇవాళ మళ్ళీ అడుగుతుంది. ఇంకో అబద్ధం చదవలేను.
నిజం చెప్తే ఏడవదు అక్క, నాకు తెలుసు. "సరే, అయితే ఇంటికి తీసుకుపో" అంటుంది.
ఇల్లంటే తనకింకా పెనుగంచిప్రోలే.