ఆపి మళ్ళీ వేసేదాకా

మార్చి 3, మంగళవారం

పొద్దున్నే మెయిల్. సబ్జెక్ట్‌లో ప్రైవేట్ అని పెద్ద అక్షరాలు. ఇలాంటివి వస్తూనే ఉంటాయి, చాలావరకు చెత్త. ఇది చెత్త కాదు, మా కోడ్‌లో తప్పు పట్టుకున్నవాళ్ళు రాసింది. చదివి, మళ్ళీ చదివి, టీ చల్లార్చుకున్నాను.

ఎక్కడా అనకూడదన్నారు కాబట్టి ఇక్కడే రాసుకుంటాను. రాస్తే గానీ నా బుర్రకి ఎక్కదు కూడా.

నేను చూసుకునే లైబ్రరీ చాలా చిన్నది. సీ భాషలో రాసిన కోడ్. ఒక పని మొదలుపెట్టి ఎంతసేపైంది, ఇంకెంతసేపు ఆగాలి, ఇవి వేరే ప్రోగ్రాములకి చెప్పడమే దాని పని. రాసినాయన విసిగి వదిలేస్తే నేనూ, ఎక్కడో దూరాన ఉన్న ఇంకొకతనూ నెత్తికెత్తుకున్నాం. అతన్ని మనసులో సెమికోలన్ అంటాను. నా ప్రతి లైన్‌లో ఏదో ఒక చుక్క తక్కువైందంటాడు. జీతం లేదు, భత్యం లేదు. అమ్మ దృష్టిలో ఇది ఊరందరి బట్టలూ ఊరికే ఉతకడం.

బగ్ ఇది. చిన్న చిప్‌ల మీద మా కౌంటర్ మిల్లీసెకన్లు లెక్కపెడుతూ పోయి, స్కూటర్ మీటర్‌లాగే నిండగానే మళ్ళీ సున్నాకొస్తుంది. దాదాపు యాభై రోజులకోసారి. సున్నాకి రావడంలో తప్పులేదు, అందరివీ వస్తాయి. కానీ సరిగ్గా దానికి ముందు ఎవరైనా పది సెకన్లు ఆగమని చెప్పి ఉంటే, మాది ఆ పది సెకన్లు ఇంకా అవలేదనే అనుకుంటుంది. ఎప్పటికీ. మెషీన్ ఆపి మళ్ళీ వేసేదాకా.

పోయినేడాది దాకా ఇది లేదు. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ వార్నింగ్ ఇస్తోందని సెమికోలన్ ఒక వేరియబుల్ సైజు పెంచాడు. వార్నింగ్ పోయింది. ఇద్దరం సంతోషించాం.

కొన్ని మెషీన్లలో బయటివాళ్ళు కావాలనే ఆ కౌంటర్‌ని చివరిదాకా తోసేయొచ్చట. అందుకని మా కోడ్ వాడేవాళ్ళంతా సర్దుకునేదాకా, ఈ నెల 26 వరకూ, ఎవరికీ చెప్పకూడదు. సరేనన్నాను. ఇది మా లోకంలో రివాజే.

మార్చి 4, బుధవారం

ఫిక్స్ రెండు లైన్లు. దానికి టెస్ట్ రాయడానికి రోజంతా పట్టింది. సెమికోలన్ ఒక్క చుక్కకి కూడా పేచీ పెట్టలేదు. పాపం, బాగా కుంగిపోయినట్టున్నాడు.

సాయంత్రం ఆస్పత్రికి. చెల్లికి నెలలు నిండకుండానే కాన్పయింది. కూతురు ఇంకా గాజు బాక్స్‌లోనే ఉంది, నాలుగో బాక్స్. పేరు పెట్టలేదు. గుప్పెడంత ఉంది కాబట్టి నేను గుప్పెడు అంటాను. చెల్లికి కోపం. పిల్ల కాలు మాత్రం బాగా ఆడిస్తోంది, మా అమ్మ పోలికే, ఒక చోట ఉండలేదు.

మార్చి 6, శుక్రవారం

నిదానంగా రాస్తాను.

గుప్పెడు బాక్స్ పక్కన మానిటర్ ఉంటుంది. ఊపిరి, గుండె, ఆక్సిజన్. టెక్నీషియన్ సీరియల్ నంబర్ రాసుకోవడానికి అబౌట్ పేజీ తెరిచాడు. కిందికి జరిపితే లైసెన్సులు వచ్చాయి, లోపల వాడిన లైబ్రరీల పేర్లన్నీ. ఎవరూ చదవని పేజీ. నాలాంటి వాళ్ళకి అలవాటు, చదివాను. మా లైబ్రరీ ఉంది. వెర్షన్ కూడా ఉంది. ఆ వార్నింగ్ పోయిన వెర్షనే.

నర్సుని మామూలుగా అడిగినట్టు అడిగాను, ఆక్సిజన్ పడిపోతే వెంటనే మోగుతుందా అని. వెంటనే కాదట, కాసేపు ఆగి చూసి మోగుతుందట, లేకపోతే పిల్లలు కదిలినప్పుడల్లా మోగి చెవులు చిల్లులు పడతాయట.

కాసేపు ఆగి చూడటం. అదే మా పని.

మార్చి 6, మళ్ళీ

వాళ్ళు అలారంకి మా కోడ్ వాడకపోవచ్చు. స్క్రీన్ మసకబారడానికి వాడి ఉండొచ్చు. తేదీ చూపించడానికి వాడి ఉండొచ్చు. వాళ్ళ కోడ్ నేను చూడలేను. ఊరికే కంగారు పడుతున్నానేమో.

ఆరు బాక్సులున్నాయి ఆ గదిలో.

మార్చి 9, సోమవారం

మానిటర్ కంపెనీకి ఫోన్ చేశాను. పేషెంట్ బంధువులకి సాంకేతిక వివరాలు ఇవ్వరట. నేను బంధువుగా కాదు, లైబ్రరీ మనిషిగా అడుగుతున్నానంటే, ఆ అమ్మాయి పాపం పుస్తకాలకి ఇంకో విభాగం ఉందేమో కనుక్కుంటానంది.

ఇక ప్రైవేట్ లిస్టులో అడిగాను. ఈ విషయం తెలిసిన పాతికమందీ ఉండే లిస్టు అది. ఒక ఆస్పత్రికి, ఒక్క వార్డుకి, మెషీన్ ఆపి మళ్ళీ వేయమని చెప్పొచ్చా అని. మర్యాదగా వద్దన్నారు. తలా ఒకరికి చెబితే ఇక రహస్యమేముందన్నారు. ఆ కంపెనీకి కబురు పంపారట, జవాబు లేదట. నిజమే, రూల్ రూలే. నేనే ఆ చోట ఉంటే నేనూ అలాగే రాసేదాన్ని. అదే కదా నా ఏడుపు.

మార్చి 10, మంగళవారం

తెలివి ఉపయోగించాననుకున్నాను. ఏమీ చెప్పకుండా చెల్లితో అన్నాను, స్క్రీన్ మీద మరీ ఆధారపడకే, పిల్లని కూడా చూస్తూ ఉండు అని. అది నా మొహంలోకి చూసింది. ఎందుకలా అన్నావంది. ఊరికే అన్నాను. నువ్వు ఊరికే ఏదీ అనవు, ఏం తెలిసింది నీకు అంది. ఏం లేదని నవ్వాను. ఆ నవ్వు నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 12, గురువారం

చెల్లి పడిపోయింది. వార్డు బయట కారిడార్‌లో. రెండు రోజులుగా ఆ బాక్స్ పక్కన స్టూలు దిగలేదట. అన్నానికి లేవలేదు, కళ్ళు మూయలేదు. మా మరిది ఇంటికి పద అంటే కరిచినంత పని చేసిందట. సెలైన్ పెట్టారు.

హెడ్ నర్స్ నన్ను పక్కకి పిలిచి చీవాట్లు పెట్టింది. బాలింతకి ఏవో భయాలు పెట్టింది ఎవరని అడిగింది. తల దించుకున్నాను. ఆవిడ మంచిదే, కానీ ఆవిడ గొంతు మంచిది కాదు, వార్డంతా విన్నది.

చేసిన ఘనకార్యం ఇదీ. నోరు మూసుకుంటే ఒక బాధ, సగం తెరిస్తే ఇంకో బాధ.

మార్చి 13, శుక్రవారం

చెప్పేశాను.

ముందు చెల్లికి. మంచం మీదే కూర్చుని మొత్తం విన్నది. స్కూటర్ మీటర్ అనగానే అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇది ఎవరికి తెలియకూడదని దాచారక్కా అని మాత్రం అడిగింది. దొంగలకి అన్నాను. దొంగలకి తెలియకూడదని నాకు చెప్పలేదా అంది. అటు తిరిగి పడుకుంది. చేయి మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు.

తర్వాత హెడ్ నర్స్, టెక్నీషియన్. లాప్‌టాప్‌లో టెస్ట్ పెట్టి చూపించాను, పది సెకన్లు ఎలా ఎప్పటికీ అయిపోవో. టెక్నీషియన్ నమ్మలేదు, మెషీన్లన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయన్నాడు. నడుస్తాయి, అదే బాధ అన్నాను. ఎప్పుడు ఆన్ చేశారని అడిగితే జనవరి ఆఖర్లో అన్నాడు, కొత్త యూపీఎస్ పెట్టినప్పుడు. ఆ తర్వాత ఒక్కసారీ ఆపలేదని గర్వంగా కూడా చెప్పాడు.

జనవరి ఆఖరు. వేళ్ళ మీద యాభై రోజులు లెక్కేశాను. ఈ వారంలోనే.

ఆపి మళ్ళీ వేయడమంటే మా ఇంట్లో టీవీ అనుకున్నావా అంది హెడ్ నర్స్. అన్నీ ఒకే లైన్ మీద ఉన్నాయట, విడివిడిగా ఆపితే ఒకదాన్నొకటి వెతుక్కుంటూ గోల చేస్తాయట. అన్నీ కలిపి ఆపాలి. మళ్ళీ లేచేదాకా ఆరుగురు పిల్లల్నీ కళ్ళతోనే చూసుకోవాలి. ఆక్సిజన్ ఆగదు, చూపు ఆగుతుంది అంది. తర్వాత పెద్ద డాక్టర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చి రేపు మధ్యాహ్నం అంది, షిఫ్ట్ మారేటప్పుడు, రెండు షిఫ్టుల వాళ్ళూ ఉంటారు.

మార్చి 14, శనివారం

వరసగా రాస్తాను.

వార్డులో ఒకటే స్పేర్ మానిటర్. అది మొదటి బాక్స్‌కి, ఆ బిడ్డ అన్నిటికంటే నీరసం. మిగతా ఐదుగురి దగ్గర ఐదుగురు నిలబడాలి. రావలసిన నర్సు ఒకామె రాలేదు, కొడుక్కి జ్వరమట. మనుషులు చాలలేదు. చెల్లిని గుప్పెడు దగ్గర నిలబెట్టారు. ఇంకా ఒకరు కావాలి. హెడ్ నర్స్ చుట్టూ చూసి, చివరికి నన్ను చూసింది. చేతులు కడుక్కుని గౌను వేసుకోమంది.

చెల్లి పక్కకి వెళ్ళబోయాను. అక్కడ తల్లి ఉంది, నువ్వు ఐదుకి పో అంది.

ఐదో బాక్స్‌లో బాబు. వాళ్ళమ్మ ఇంకా కింది అంతస్తులో మంచం మీదే ఉంది, కుట్లకి చీము పట్టింది. వాడి మొహం అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. ఇన్ని రోజులూ వాడి పక్క నుంచే నాలుగో బాక్స్‌కి నడిచాను.

నర్సు చూపించింది. రెండు వేళ్ళు ఛాతీ మీద ఆనించాలి, నొక్కకూడదు. కదలిక ఆగితే అరికాలి మీద వేలితో కొట్టాలి. మొహమాటపడొద్దంది.

టెక్నీషియన్ ఆపాడు. స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ బీప్ బీప్ ఇప్పుడు లేదు. ఆ మెషీన్ ఇప్పుడేం లోడ్ చేస్తోందో, తర్వాత ఏం లోడ్ చేస్తుందో నాకు వరసగా తెలుసు. ఎప్పుడైపోతుందో మాత్రం తెలియదు.

వాడి ఛాతీ ఆగింది.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ముందు నా వేళ్ళనే అనుమానించాను. సరిగ్గా ఆనలేదేమో అని జరిపాను. ఇంకో చేయి పెట్టి చూశాను. బగ్ రిపోర్ట్ రాగానే ముందు అది మళ్ళీ వస్తుందా అని రీప్రొడ్యూస్ చేసి చూడటం, జన్మకి అదే అలవాటు. నా మొహం. ఈలోపల వాడి పెదాల చుట్టూ నీలం కమ్మింది.

అప్పుడు కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి, గట్టిగా. నొప్పి పుట్టేలా కొట్టాను. కాలు లాక్కున్నాడు. మొహమంతా ముడుచుకుని, నోరు తెరిచి, గాలి పీల్చి ఏడ్చాడు. అంత చిన్న ఏడుపు.

హెడ్ నర్స్ అప్పటికే నా భుజం పక్కనుంది. వాడి మొహం చూసింది, రంగు చూసింది, సరే అంది. ఈ పిల్లలు ఇలా ఊపిరి తీయడం మరిచిపోతూ ఉంటారు, రోజూ ఉండేదే అంది. మెషీన్ మోగుతుంది, మేం లేపుతాం, అందుకే కదా అది అంది.

స్క్రీన్లు వచ్చాయి. ఆరూ వచ్చాయి. చెల్లి గుప్పెడు మీద నుంచి తల ఎత్తలేదు, ఐదులో జరిగిందేదీ తనకి తెలియదు.

నేను బయటికొచ్చి, గౌను విప్పి, మళ్ళీ చేతులు కడుక్కున్నాను.

మార్చి 15, ఆదివారం

లిస్టుకి రాశాను. ఎవరికి చెప్పాను, ఏం చెప్పాను, అన్నీ. క్షమించమనలేదు. ఎంత ప్రయత్నించినా ఆ వాక్యం రాలేదు.

మధ్యాహ్నానికి నన్ను లిస్టులోంచి తీసేశారు. రిలీజ్ సెమికోలన్ చేస్తాడట. అతను విడిగా ఒక మెయిల్ పెట్టాడు. వారం నుంచి నిద్ర లేదట. వార్డులో అందరూ బాగున్నారా అని అడిగాడు. బాగున్నారని రాశాను. ఐదో బాక్స్ సంగతి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పంపాను.

స్క్రీన్ ఆపమన్నది నేను. వాణ్ణి లేపింది నేను. ఈ రెండింటినీ కలిపితే ఏమవుతుందో రోజంతా ఆలోచించాను. తేలలేదు.

మార్చి 20, శుక్రవారం

గుప్పెడు సొంతంగా పాలు తాగింది. చెల్లి నాతో మామూలుగా మాట్లాడుతోంది, అంటే పోట్లాడుతోంది.

మార్చి 26, గురువారం

రిలీజైంది. అందరికీ తెలిసిపోయింది. మానిటర్ కంపెనీ కూడా ఇవాళే నోరు విప్పింది. అలారం మోగే ముందు ఆగి చూసేది మా కోడ్‌తోనే. ఆ మోడల్ పాతది కాబట్టి అప్‌డేట్ ఇవ్వరట. నెలకోసారి ఆపి మళ్ళీ వేసుకోమని సలహా.

వార్డు గోడ మీద హెడ్ నర్స్ ముందే కాగితం అంటించింది. ప్రతి నెలా మొదటి శనివారం, షిఫ్ట్ మారేటప్పుడు, బాక్స్‌కి ఒక మనిషి. మా ఫిక్స్ కంటే ఆవిడది ముందు రిలీజైంది.

ఏప్రిల్ 2, గురువారం

లిఫ్ట్‌లో ఐదో బాక్స్ బాబు వాళ్ళమ్మ. ఇప్పుడిప్పుడే నడుస్తోంది, గోడ పట్టుకుని. పిల్లాడు బరువెక్కాడట, వచ్చేవారం ఇంటికి పంపుతారట. ఆ రోజు వాడి కాలి మీద కొట్టి లేపింది ఏ నర్సో ఎవరూ చెప్పడం లేదట. ఒకసారి చూడాలని ఉందంది.

ఇద్దరం కలిసే లోపలికి వెళ్ళాం. నేను వాడి అరికాళ్ళు చూశాను. గుర్తేం లేదు.

నువ్వెవరమ్మా అని అడిగింది.

పక్క బాక్స్ వాళ్ళ పెద్దమ్మని అన్నాను.