మొక్కుకోడి నెత్తిన కుంకుమ

మంథని,
ఆషాఢం, 1961.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే చిరంజీవి కొండల్‌ను దీవించి బాపు రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం అని మొదట రాయడం పద్ధతి. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గనుక నీ క్షేమం ఒక్కటే కోరుతున్నాను.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది నీ భార్య బాలలక్ష్మే. చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చిందని గాభరా పడకు. తోడు వచ్చిన కొమురెల్లికి నీళ్లియ్యి. ఆమెను కూర్చోనియ్యి. చివరిదాకా చదివేవరకు ఆమెను ఏమీ అడగకు. గంపలో ఉన్నది మన మొక్కుకోడి.

నా కాలు ఎట్లున్నదని అడిగావు. బండి మీంచి పడ్డ కాలు ఇంకా కట్టులోనే ఉంది. పొద్దంతా వాకిట్లో నులకమంచం మీదే నా కాపురం. కదలలేని మనిషికి నోరూ కళ్లే పనిచేస్తాయి. నా నోటి సంగతి నీకు తెలిసిందే. కళ్లతో చూసింది రాస్తున్నాను.

మొక్కుకోడి బాగుందా అని అడిగావు. కిందటేడు బాయిలో కప్పు కూలి నువ్వు ప్రాణాలతో బయటపడ్డప్పుడు, పోచమ్మకు ఇస్తానని బాలలక్ష్మి మొక్కిన తెల్లపెట్ట కదా అది. అమ్మవారి సొత్తని అందరికీ తెలియాలని దాని నెత్తినా వీపునా పసుపు రాసి కుంకుమ పెట్టమన్నాను. ఆ పిల్ల వారం వారం శ్రద్ధగా పెట్టేది. ఇంతలో నార్లు పోసే రోజులొచ్చాయి. నారుమడిని గీకి పాడుచేస్తాయని కోళ్లన్నిటినీ తడక కట్టి వాకిట్లోనే మూసిపెట్టాం.

ముందు నల్లపెట్ట వచ్చి ఆ కుంకుమ మీద ఒక్క పోటు పొడిచింది. ఈక ఊడి నెత్తురు వచ్చింది. ఇక మిగతావన్నీ ఎగబడ్డాయి. నెత్తురంటిన ఈకలను పీక్కుని తిన్నాయి కొండల్. తెల్లపెట్ట తడక మూలకు తల దూర్చి దాక్కుంటే వెనక నుంచి తోక దగ్గరి మాంసం పొడిచాయి. నాకు ఒళ్లు మండింది. నల్లపెట్టను పట్టి తెమ్మని, మంచం మీద కూర్చునే దాని మెడ తిప్పేశాను. రాక్షసి పీడ విరగడయిందన్నాను. రాత్రికి కూర వండుకుని తిన్నాం.

తెల్లవారి లేచేసరికి చుక్కలపెట్ట దాని పని అందుకుంది. అన్నాళ్లూ నల్లపెట్ట చేతిలో పోట్లు తిన్నదే అది. ఇప్పుడు తెల్లపెట్ట వీపెక్కి కూర్చుని మరీ పీకుతోంది. మధ్యలో అడ్డమొచ్చిన చిన్న పిల్లపెట్టను మూడు కలిసి పొడిచి పేగులు బయటికి లాగాయి. ఒకటి ఆ పేగును నోట కరుచుకుని ఉరికింది. పిల్లపెట్ట ఇంకా చావలేదు, రెక్కలు కొట్టుకుంటూనే ఉంది. నేను మంచం మీంచి అరుస్తూనే ఉన్నాను. అరుపులకు ఏ కోడి ఆగుతుంది?

ఆ రోజు గడప మీద ఒలికిన కుంకుమను కూడా చుక్కలపెట్ట పొడుస్తుంటే చూసి నాకు బుద్ధి వచ్చింది. అవి పొడుస్తున్నది కోడిని కాదు, ముందు ఎరుపును. బాలలక్ష్మిని పిలిచి బొట్టు కడిగెయ్యమన్నాను.

"అమ్మవారి బొట్టు తుడుస్తె పాపం తగులదా మామా?" అంది.

"తగిలితె నాకు తగులనియ్యి. ముందుగాల నువ్వు కడుగు" అన్నాను.

కడిగింది. అయినా అవి ఆగలేదు. బొట్టు పోయినా పుండు ఎర్రగానే ఉంది మరి. అప్పుడా పిల్లే కుండ అడుగున మసి గీకి, వేపనూనెలో కలిపి పుండు కనబడకుండా నల్లగా పూసింది. గంప కింద వేరుగా కమ్మింది. అట్లా బతికింది నీ మొక్కుకోడి.

నువ్వు పంపిన ఎర్రచీర బాలలక్ష్మికి నచ్చిందా అని అడిగావు. దీనికి జవాబు రాయలేకే ఇంతసేపు కోళ్ల కథ చెప్పాను.

చీర అందాక వచ్చిన ఆదివారం అది కట్టుకుని వచ్చి నాకు దండం పెట్టింది. అప్పుడే మీ వదిన కిష్టవ్వ పొలం నుంచి మోకాళ్ల దాకా బురదతో వచ్చింది.

"నేను బురదల పడి సస్తున్న. నువ్వు పెండ్లిపిల్ల లెక్క తయారైనవా?" అని కొంగు పట్టి గుంజింది.

"అక్కా, ఇడువు, చినుగుతది" అంది నీ భార్య. అన్నది అంతే. కిష్టవ్వ గోడకున్న రోకలి అందుకుని నుదుటి మీద కొట్టింది. కళ్లలోకి నెత్తురు కారింది. లోపల నుంచి మీ అవ్వ ఉరికొచ్చింది. విడిపిస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుంది.

"పెద్దదానికి లేని చీర నీకెందుకే? నా కొడుకును సతాయించి తెప్పిచ్చుకున్నవా?" అని తడక దాకా ఈడ్చింది. ఇద్దరూ కలిసి తన్నారు. నేను మంచం మీంచి దొర్లి పాకుతూ పోయాను. నేను చేరేసరికి ఆ పిల్ల అరవడం కూడా మానేసింది. మీ అన్న హనుమండ్లు ఎడ్లను పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"ఆడోళ్ల లొల్లి బాపూ, మనకెందుకు?" అని ఎడ్లను కట్టెయ్యబోయాడు. వాణ్ని కన్నందుకు సిగ్గుపడ్డాను.

మర్నాడు బాలలక్ష్మి ఆ చీర ఉతికి, మడిచి కిష్టవ్వ చేతిలో పెట్టింది. గొడవ తీరిందనుకున్నాను. తీరలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని కాల్చిన గరిటె చేతికి అంటించారు. తర్వాత కారణం కూడా అక్కర్లేకపోయింది. ఒకప్పుడు మీ అవ్వ చేతిలో కిష్టవ్వ కూడా ఇట్లాగే తన్నులు తిన్నది. అది గుర్తుండి కూడా దాని చెయ్యి ఆగలేదు. నల్లపెట్ట మెడ తిప్పినట్టు వీళ్లలో ఎవరి మెడ తిప్పను? వేరు చెయ్యడం ఒక్కటే నాకు తోచింది. కొమురెల్లి సెలవు అయిపోయి మళ్లీ బాయికి వస్తున్నాడని తెలిసి, వాడి తోడిచ్చి ఈమెను పెద్దపల్లి బస్సుకు పంపాను.

మీ అవ్వకు చెప్పలేదు. బోనాలకు కూడా ఈమెను ఇక్కడికి పంపకు. మీ అవ్వ ఏడ్చినా పంపకు. గాయమైన కోడి పోచమ్మకు పనికిరాదు. ఇంకో కోడిని ఇచ్చుకుంటాను, దీన్ని వదిలెయ్యి తల్లీ అని మంచం మీంచే దండం పెట్టాను. ఇప్పుడిక పొడవడానికి ఇంట్లో మిగిలింది నేనే. నా తోలు మందం, ఫికర్ చెయ్యకు.

ఆమె కొంగు కళ్ల దాకా లాక్కుని కూర్చుని ఉంటుంది. చదవడం అయింది గనుక ఇప్పుడు దగ్గరికి పోయి మెల్లగా ఆ కొంగు జరుపు. నుదుటి మీద నల్లగా కనబడేది మసి. బయలుదేరే ముందు పొయ్యి దగ్గర కుండ అడుగు గీకి తనే అద్దుకుంటుంటే చూశాను. ఇదేం పని బిడ్డా అని అడిగాను.

"ఎర్రగ కనవడితె మల్ల పొడుస్తరు మామా" అంది.

గోరువెచ్చని నీళ్లు పెట్టి, నీ చేత్తో కడుగు.

ఇట్లు,
మంచం మీంచి లేవలేని
నీ బాపు సిద్దిరాములు