పసిమి ఛాయ

ఫరీదాబాద్

అమ్మా,

ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలోనే ఏడుస్తావు, నిన్ను చూసి నేనూ మొదలుపెడతాను. అందుకే రాస్తున్నాను. ముందు మంచి మాట: నీ మనవరాలు స్నిగ్ధ బాగానే పాలు తాగుతోంది, ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

పురిటికి వచ్చినప్పుడు రోజూ పసుపు, సున్నిపిండి పెట్టి నలిచి, మన ఇళ్లలో ఎవరికీ లేని పసిమి ఛాయ దీనికొచ్చిందని ఒంగోలంతా ఫోన్లు చేశావు కదా. నువ్వు వెళ్లాక నేను ఉత్త నీళ్లే పోస్తున్నాను. అయినా ఒకరోజు లిఫ్టులో పక్కింటి నేహా అడిగింది, "దీదీ, బచ్చీకో ఇత్నీ హల్దీ క్యోఁ?" అని, పాపకి ఇంత పసుపెందుకు పూశావని. ఇంటికొచ్చి కిటికీ దగ్గర చూస్తే కళ్లు కూడా పచ్చగా ఉన్నాయి.

డాక్టరుగారు ముందు అడిగింది డైపరు. పచ్చగా రావాల్సిన విరేచనం పాలిపోయి తెల్లగా ఉందని పరీక్షలన్నీ చేయించారు. కడుపులో ఉండగానే నా నుంచి ఏదో వైరస్ చేరి కాలేయం వాచిందట. పెద్దవాళ్లకు అది మామూలు జ్వరంలా వచ్చి పోతుందట, చాలామందికి తెలియను కూడా తెలియదట. మందులు వాడుతున్నాం. కాలేయం కోలుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. నీకు అనుమానం రాకూడదని వీడియో కాల్‌కి ముందు నేనే దాని బుగ్గలకు పసుపు రాసేదాన్ని. నువ్వు మురిసిపోతుంటే నేను ఏదో పనుందని ఫోన్ పెట్టేసేదాన్ని. భయంగా ఉందమ్మా.

నీ తేజ

*

అమ్మా,

ఇక పసిపిల్లను ముట్టనని ఒట్టు పెట్టుకున్నావని నాన్న చెప్పారు. పసుపు వల్ల జబ్బు రాలేదు, నీ కోసం పనిగట్టుకుని అడిగాను. రంగు చూసి మోసపోయింది మీ అమ్మగారొక్కరే కాదు, మీరంతా కదా అని డాక్టరుగారు నవ్వారు.

అసలు కబురు విను. మొన్న మా ఆయన జశ్వంత్ పాప డైపరు విప్పి, ఆఫీసు కాల్ మ్యూట్ చేయకుండానే, "తేజా, పచ్చగా వచ్చింది" అని కేకేశాడు. సంగతేమిటో తెలియకపోయినా వాళ్ల మేనేజరు అభినందనలు చెప్పాడట. ఈరోజు రిపోర్టులూ వచ్చాయి. కాలేయం చక్కగా కోలుకుంటోంది. కళ్లు తెల్లబడ్డాయి.

ఒక్కటే చిక్కు. ఆ పచ్చదనం దిగాక దాని అసలు రంగు బయటపడింది. నల్లగా, నిగనిగలాడుతూ, అచ్చం నువ్వే. నలుపు చూసి ఇంతలా ఏడ్చి నవ్విన తల్లి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఒంగోలులో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. త్వరగా వచ్చి నీ నల్లపిల్లకు నీ చేత్తో నీళ్లు పొయ్యి.

నీ తేజ