దేవుడికిచ్చిన కత్తెర

సోమవారం, ఉదయం 6:10
కంటి ఆపరేషన్ అయి నెల దాటింది. ఇవాళ సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది! చూపు తిరిగొస్తే నాకు ప్రాణమైన వస్తువులు మూడు నీ పేరు చెప్పి ఇచ్చేస్తానని దేవుడికి మాటిచ్చాను. ఆయన వంతు అయింది. ఇక నా వంతు.
జాబితా: 1. రేడియో. 2. ఇత్తడి పిడి గొడుగు. 3. కత్తెర.
మా ఆవిడ చదివి, "రేడియో మోగదు, గొడుగు నాది. ఇక మిగిలింది కత్తెరేనండీ" అంది.

సాయంత్రం 5:00
ఇచ్చేశాను. ముప్పై ఏళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని కత్తెర. చెల్లెలు కొత్తగా కుట్టు షాపు పెట్టింది కదా, ఇంకా మంచి కత్తెర కొనుక్కోలేదు, దానికే. "నేనిచ్చానని కాదు, దేవుడిచ్చాడనుకో" అన్నాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా దర్జీ పనికి మూలనున్న పాత కత్తెర చాలు. త్యాగం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేవాణ్ణి.

మంగళవారం
10:30. అటువైపు పనుండి చెల్లెలి షాపుకు వెళ్లాను. (పని: కత్తెర చూడడం.)
12:15. వాడాక మెత్తటి గుడ్డతో తుడవాలని చెప్పడం మరిచాను. వెళ్లి చెప్పాను.
4:00. కింద పడేయొద్దన్నాను. "పడేయను అన్నయ్యా" అంది. ఆ మాట అనడం మూడోసారట.

బుధవారం, 11:00
ఘోరం. ఆ కత్తెరతో కాగితం కోస్తోంది! పాత పేపరు మీద చొక్కా కొలతలు గీసి కరకరా కోసేస్తోంది. బట్ట కోసే కత్తెర కాగితం మీద పడితే పదునేం కావాలి? "సాన పట్టించి తెస్తా" అని పట్టుకొచ్చేశాను. ఇది వెనక్కి తీసుకోవడం కిందికి రాదు. మరమ్మతు.

గురువారం
సాన పట్టే అతను ఊళ్లో లేడేమో. (వెళ్లి చూడలేదు.)

శుక్రవారం
అయినా దేవుడికి కత్తెరతో ఏం పని? మనసు ముఖ్యం. దానితోనే రెండు చొక్కాలు కత్తిరించాను. హాయిగా తెగాయి.
"దేవుడి కత్తెర మనింటికి చుట్టపుచూపుగా వచ్చిందా?" అంది మా ఆవిడ. విననట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాను.
"ఆపరేషన్ కంటికి కదా, చెవులకేమైంది?"

శనివారం, సాయంత్రం 6:30
చెల్లెలు వచ్చింది. బొటనవేలికి ప్లాస్టరు, అరచేతిలో బొబ్బలు. సోమవారానికి నలభై బడి యూనిఫారాలు ఇవ్వాలట. షాపు పెట్టాక మొదటి పెద్ద పని. మూడు రోజులుగా వంటింటి కత్తెరతో కోస్తోంది.
కత్తెర అడగడానికి రాలేదు. "మూడు రోజులుగా షాపు వైపు రాలేదేం అన్నయ్యా? కన్ను మళ్లీ తేడా చేసిందేమోనని భయపడ్డాను" అంది.
సిగ్గుతో చచ్చిపోయాను. దేవుడు బాగుచేసిన ఈ కంటికే ఆ బొబ్బలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనబడ్డాయి.
కత్తెర తెచ్చి దాని చేతిలో పెట్టాను. "నీ ఇష్టం, కాగితమే కోసుకో" అన్నాను.

ఆదివారం, ఉదయం 6:00
మొక్కు మళ్లీ మొదలు. ఈసారి గట్టిగా. కత్తెర వైపు కన్నెత్తి చూడను. అసలు ఆ వీధికే వెళ్లను.

7:40
నలభై యూనిఫారాలు అది ఒక్కతే ఎలా కుడుతుంది? సాయానికి వెళ్తున్నాను. గుండీలు మాత్రమే కుడతాను. సంచిలో నా పాత కత్తెర పెట్టుకున్నాను. కాగితం కోసుకోవడానికి దానికిచ్చేస్తాను.